భయాన్ని జయించిన చేయి – డాక్టర్ ఇసబెల్ కెర్

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని కార్యదర్శి గారు కోరగా, నాకు వెంటనే డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారు గుర్తుకు వచ్చారు. కారణం చివర మనవి చేస్తాను.

ఆమె 1875లో స్కాట్లండులో జన్మించారు. ఆడవాళ్లు డాక్టరు చదవడమే అరుదైన ఆ కాలంలో, అబర్డీన్ విశ్వవిద్యాలయంలో చదివి 1903లో వైద్య పట్టా పొందారు. జార్జి కెర్ అనే పాదిరీ గారిని వివాహమాడారు. 1907లో దంపతులిద్దరూ వెస్లియన్ మెథడిస్టు మిషను తరఫున నిజాం రాజ్యానికి వచ్చి, నిజామాబాదు ప్రాంతంలో సేవ చేశారు.

ఆనాడు కుష్ఠు అంటే పాముకన్నా ఎక్కువ భయం. రోగం బయటపడిన మనిషిని సొంతవారే ఊరి బయటకు పంపేవారు. పూర్వజన్మ పాపమనేవారు. నయం చేసే మందు లేదు. అటువంటి అభాగ్యులను ఆమె పొమ్మనలేదు. యేసు ప్రభువు చేయి చాపి కుష్ఠురోగిని తాకిన సంగతి సువార్తల్లో ఉంది. ఆ తాకడమే ఆమె జీవితకాలపు పని అయింది.

రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత ధనసహాయం చేశారు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి వెలిసింది. చాల్ముగ్రా గింజల నూనెను ఇంజెక్షన్లుగా ఇచ్చేవారు. అది నేటి మందులంత గట్టిది కాకపోయినా, రోగులకు ఆశ పుట్టించింది. 1923లో ప్రభుత్వం ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకమిచ్చింది. 1932లో ఆమె కన్నుమూశారు.

ఇక నా సంగతి. నేను క్రైస్తవుణ్ణి, ఆ సువార్త కథ చిన్ననాటి నుండి విన్నవాణ్ణి. 1980లలో ఒక పెద్దాయన పింఛను దరఖాస్తుతో నా బల్ల దగ్గరకు వచ్చాడు. వేళ్లు వంకరపోయి ఉన్నాయి. రోగం నయమైనట్టు డాక్టరు సర్టిఫికెట్టు కూడా జతచేశాడు. అయినా నేను ఆ కాగితాలను చేత్తో అందుకోలేదు, స్కేలుతో నా వైపు లాక్కున్నాను. ఆయన చూశాడు, ఏమీ అనలేదు.

2020లో నాకు కరోనా వచ్చింది. విమానాల రాకపోకలు బాగా తగ్గి, మా శంషాబాదు నిశ్శబ్దంగా ఉన్న రోజులవి. ఒంటరిగా గదిలో పడుకుంటే, నా మందుల సంచీని గడప దగ్గర పెట్టి కర్రతో లోపలికి నెట్టారు. వారి తప్పేమీ లేదు, జాగ్రత్త అవసరమే. కాని ఆ కర్రను చూడగానే నా స్కేలు గుర్తుకొచ్చి కన్నీరు ఆగలేదు. నాకు కర్ర పట్టించిన రోగం కొత్తది, దానికి అప్పటికి మందు లేదు. ఆ పెద్దాయనకు రోగమే లేదు.

మా ఊరి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే డిచ్‌పల్లికీ పోతుంది. కోలుకున్న తరువాత ఒకసారి వెళ్లి, ఆ ఆసుపత్రి ముందు కాసేపు నిలబడి వచ్చాను. కుష్ఠు నేడు పూర్తిగా నయమవుతుంది, మందులు ఉచితం. ముట్టుకున్నంత మాత్రాన అంటుకోదు. మన పెన్షనర్ల కుటుంబాల్లో ఎవరికైనా ఒంటిమీద స్పర్శ లేని మచ్చ కనబడితే దాచకండి, వెంటనే చూపించండి. అటువంటి వారు మీ ఇంటికి వస్తే, కాగితం చేత్తోనే అందుకోండి.