విలియం లాంబ్టన్

విలియం లాంబ్టన్ (సుమారు 1753 - 1823 జనవరి 20) భారతదేశపు మహా త్రికోణమితీయ సర్వేక్షణకు ఆద్యుడైన బ్రిటిషు సైనికాధికారి, సర్వేయరు. ఇతడు తన చివరి సంవత్సరాలలో హైదరాబాదు కేంద్రంగా పనిచేసాడు. పాఠశాలలో నేర్చుకొనే సరూప త్రిభుజాల సూత్రమే ఇతడి కృషికి పునాది.

తొలి జీవితం

లాంబ్టన్ ఇంగ్లండులోని ఉత్తర యార్క్‌షైరులో సామాన్య కుటుంబంలో జన్మించాడు. సైన్యంలో చేరి, ఉత్తర అమెరికాలో కొంతకాలం భూములు కొలిచే పని చేసాడు. 1799లో నాలుగవ మైసూరు యుద్ధంలో పాల్గొన్నాడు. యుద్ధానంతరం దక్షిణ భారతాన్ని ఒక తీరం నుండి మరొక తీరం వరకు త్రిభుజాలతో కొలవాలని ప్రతిపాదించాడు. కొత్తగా చేజిక్కిన భూములకు పటాలు అవసరమైన ఈస్టిండియా కంపెనీ అందుకు అంగీకరించింది.

ఆధార రేఖ

1802 ఏప్రిల్ 10న మద్రాసు సమీపంలోని సెయింట్ థామస్ మౌంట్ వద్ద సుమారు 7.5 మైళ్ళ ఆధార రేఖను కొలవటం ప్రారంభించాడు. 100 అడుగుల ఉక్కు గొలుసుతో సాగిన ఈ పనికి 57 రోజులు పట్టింది. ఎండకు ఉక్కు సాగుతుంది కనుక ఉష్ణమాపకాలు ఉంచి, కొలతలను సవరించాడు.

సరూపత - స్కేలు గుణకం

మూడు కోణాలు తెలిస్తే త్రిభుజం ఆకారం తెలుస్తుంది, పరిమాణం తెలియదు. అవే కోణాలు గల త్రిభుజాలు ఎన్నైనా ఉండవచ్చు. వాటి అనురూప భుజాల నిష్పత్తినే స్కేలు గుణకం అంటారు. ఒక్క భుజం పొడవు తెలిస్తే ఈ గుణకం తేలి, మిగిలిన భుజాలు లెక్కకు వస్తాయి. ఒక త్రిభుజంలో లెక్కించిన భుజం పక్క త్రిభుజానికి ఆధార రేఖ అవుతుంది. భూమి గుండ్రంగా ఉండటం వలన కోణాలలో వచ్చే స్వల్ప తేడాను లాంబ్టన్ లెక్కలో సవరించాడు.

అంగుళానికి ఒక మైలు చొప్పున గీసిన పటంలో పై ఆధార రేఖ 7.5 అంగుళాలు ఉంటుంది. మైలుకు రెండు అంగుళాలు తీసుకుంటే 15 అంగుళాలు అవుతుంది. కోణాలు మారవు. పొడవులు రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది.

గొలుసులో వెయ్యింట ఒక వంతు తప్పు ఉంటే, దానిపై ఆధారపడిన ప్రతి దూరంలోను అదే నిష్పత్తిలో తప్పు వస్తుంది. కోణంలో తప్పు వస్తే ఆకారమే చెడుతుంది. 1808లో తంజావూరు ఆలయంపైకి ఎక్కిస్తుండగా తాడు తెగి, సుమారు అరటన్ను బరువున్న థియోడలైటు దెబ్బతిన్నది. లాంబ్టన్ కొన్ని వారాలు శ్రమించి దానిని స్వయంగా బాగుచేసాడు.

హైదరాబాదు, మరణం

1818లో ఈ పనికి మహా త్రికోణమితీయ సర్వేక్షణ అనే పేరు వచ్చింది. అదే సంవత్సరం జార్జి ఎవరెస్టు సహాయకుడిగా చేరి కృష్ణా, గోదావరి నదుల మధ్య ప్రాంతంలో పనిచేసాడు. 1823లో హైదరాబాదు నుండి నాగపూరు వెళ్తూ, నేటి మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్ వద్ద లాంబ్టన్ మరణించాడు. ఎవరెస్టు ఆ త్రిభుజాల వరుసను హిమాలయ పాదాల వరకు కొనసాగించాడు. శిఖరానికి ఎవరెస్టు పేరు నిలిచింది. మొదటి రేఖ కొలిచిన లాంబ్టన్ మాత్రం అంతగా ప్రసిద్ధి పొందలేదు.

హైదరాబాదు తూర్పున ఉన్న ఉప్పల్‌లో భారత సర్వేక్షణ శాఖ వారి శిక్షణ సంస్థ ఉంది.