ఉత్తరాలతో పురుగుల జాడ పట్టిన ఎలినార్ ఆర్మరాడ్



ఈ మధ్య మా సెవెంత్ క్లాస్ పాప ఒకరు టిఫిన్ బాక్స్ మూతలో కొబ్బరి ఆకు ముక్క పెట్టుకొచ్చింది. ఆకు అడుగున తెల్లగా, చుట్లు చుట్లుగా ముగ్గు వేసినట్టు ఉంది. పైన మసి పూసినట్టు నలుపు. పోర్షన్ పూర్తి చేసే హడావిడిలో, బయట పడేసి చేతులు కడుక్కుని రమ్మన్నాను. పాప మొహం చిన్నబోయింది. ఆ సాయంత్రం నాకు ఎలినార్ ఆర్మరాడ్ గుర్తొచ్చారు.

ఎలినార్ 1828లో ఇంగ్లాండ్‌లోని గ్లోస్టర్‌షైర్‌లో పుట్టారు. పదిమంది పిల్లల్లో చివరి అమ్మాయి. ఆమెకు స్కూల్ లేదు, కాలేజీ లేదు. ఇంట్లో తల్లి చెప్పిందే చదువు. 1852లో పెంకు పురుగుల మీద ఒక పుస్తకం కొనుక్కుని, పురుగులను కోసి చూస్తూ తనంతట తానే నేర్చుకున్నారు. 1868లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ పంటలకు మేలు, కీడు చేసే పురుగులను సేకరిస్తోందని తెలిసి, తమ ఎస్టేట్‌లో పనిచేసే కూలీలందరినీ ఈ పనిలోకి దింపారు. పొలంలో వాళ్ళకు కనిపించినది ఆమె బల్ల మీదికి వచ్చేది.

తండ్రి చనిపోయాక, 1877లో ఆమె ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించి పంచారు. ఏ పురుగు, ఏ మొక్క మీద, ఎప్పుడు, ఎంత నష్టం చేసిందో చూసి రాయమని అందులో అడిగారు. రైతులు, తోటమాలులు జవాబులు రాశారు. పురుగులను కూడా పోస్టులో పంపారు. వాటన్నిటినీ సరిచూసి, ఆమె ఏటా ఒక రిపోర్ట్ తెచ్చారు. 1900 దాకా ఆ పని ఆగలేదు. అచ్చు ఖర్చు ఆమెదే. జీతం లేదు. అక్క జార్జియానా బొమ్మలు వేసి సాయం చేశారు.

ఈ ఉత్తరాల విలువ 1886 జూలైలో తెలిసింది. హెర్ట్‌ఫర్డ్ దగ్గర ఒక పొలంలో బార్లీ కాడలు వంగి పడిపోతున్నాయి. ఆమెకు చేరిన కాడల్లో కణుపు దగ్గర, ఆకు తొడుగు లోపల, అవిసె గింజల్లాంటివి అంటుకుని ఉన్నాయి. అవి హెస్సియన్ ఈగ ప్యూపాలు. అమెరికాలో వందేళ్ళుగా గోధుమను పాడుచేస్తున్న పురుగు అది. బ్రిటన్ పొలాల్లో ఉన్నట్టు అప్పటిదాకా తెలియదు. ఎలా గుర్తుపట్టాలో ఆమె తెలియజేయగానే, ఇంగ్లాండ్, స్కాట్లాండ్‌లలోని మరికొన్ని చోట్ల నుంచి కబుర్లు వచ్చాయి. నూర్పిడిలో రాలే ఆ గింజల్లాంటివాటిని కాల్చెయ్యమని, కొయ్యకాళ్ళను లోతుగా దున్నమని ఆమె సలహా ఇచ్చారు.

ఆమె సలహాలన్నీ ఈ రోజుకి పనికొచ్చేవి కావు. పండ్ల చెట్ల మీద చల్లమన్న ప్యారిస్ గ్రీన్ ఆర్సెనిక్ ఉన్న విషం. కానీ చూసిన ప్రతి మనిషి మాటనూ ఆమె లెక్కలోకి తీసుకున్నారు. 1900లో ఎడిన్‌బరో యూనివర్సిటీ ఆమెకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అక్కడ ఆ గౌరవం పొందిన మొదటి మహిళ ఆమే. 1901 జూలైలో సెయింట్ ఆల్బన్స్‌లో కన్నుమూశారు.

మర్నాడు పాపకు సారీ చెప్పి, ఇంకో ఆకు తెమ్మన్నాను. లెన్స్‌తో ఇద్దరం చూశాం. మన దేశంలో 2016లో తమిళనాడులో మొదట బయటపడి, తర్వాత కోస్తా ఆంధ్ర కొబ్బరి తోటలకు పాకిన సర్పిలాకార తెల్లదోమ వేసే చుట్లు కూడా ఇలాగే ఉంటాయి. అదో కాదో హార్టికల్చర్ ఆఫీసర్ చెప్పాలి. ఆయనకు ఫొటోలు పంపాం.

మీ ఇంటి ముందు, అపార్ట్‌మెంట్‌లో, పార్కులో చెట్టు ఆకుల మీద ఇలాంటిది కనిపిస్తే పిల్లలతో ఫొటో తీయించండి. తేదీ, చెట్టు పేరు, వీధి పేరు రాయించి స్కూల్‌కి పంపండి. సైన్స్ ల్యాబ్ గోడ మీద మన ఏరియా మ్యాప్ పెట్టాం. దాని మీద మొదటి పిన్ను ఆ పాపే గుచ్చింది.