న్యూట్రినో జాడ పట్టిన పొంటెకోర్వో

బ్రూనో పొంటెకోర్వో 1913 ఆగస్టు 22న ఇటలీలో, పీసా నగర సమీపమున, ఒక యూదు కుటుంబములో జన్మించినాడు. ఇరువది యేండ్లకే పట్టభద్రుడై రోములో ఎన్రికో ఫెర్మీ శిష్యబృందమున చేరినాడు, వారందరిలో పిన్నవాడాయనే. న్యూట్రాన్ల తాకిడికి లోనైన వెండి, పాలరాతి బల్లమీదకంటె కొయ్యబల్లమీద హెచ్చు రేడియో ధార్మికతను పొందుచున్నదని 1934లో ఆయనయు, సహచరుడు అమాల్డీయు గమనించినారు. మందగతి న్యూట్రాన్ల మహిమ బయటపడుటకు ఆ బల్లల తేడాయే దారి చూపినది.

1936లో పారిస్ చేరినాడు. రెండేండ్లకు ముస్సోలినీ ప్రభుత్వము యూదులపై శాసనములు చేయగా స్వదేశపు తలుపులు మూసుకొన్నవి. 1940లో జర్మను సేనలు వచ్చిపడగా సైకిలెక్కి పారిస్ విడిచినాడు. పిమ్మట అమెరికాలో చమురుబావుల అన్వేషణ, ఆపై కెనడాలో అణుపరిశోధన.

న్యూట్రినోకు విద్యుదావేశము లేదు. భూగోళమునైనను అవలీలగా దాటిపోవును. దానిని పట్టుట అసాధ్యమని పెద్దలు తలచుచుండగా, అది క్లోరిన్ పరమాణువును తాకి ఆర్గాన్‌గా మార్చునని, ఆ ఆర్గాన్‌ను లెక్కించవచ్చునని 1946లో పొంటెకోర్వో సూచించినాడు. ఆ పద్ధతితోనే సూర్యుని న్యూట్రినోలను పట్టిన రేమండ్ డేవిస్ 2002లో నోబెల్ బహుమానము అందుకొన్నాడు.

1950లో బ్రిటనులో ఉద్యోగము చేయుచు, సెలవులకు ఇటలీ వెళ్లిన పొంటెకోర్వో భార్యాబిడ్డలతో సోవియట్ దేశమునకు వెడలిపోయినాడు. అయిదేండ్లు ఆయన సంగతి లోకమునకు తెలియలేదు. అణురహస్యములు చేరవేసినాడని పలువురు శంకించినారు; ఋజువు మాత్రము బయటపడలేదు. ఆ నిర్ణయమును మెచ్చుటయో గర్హించుటయో పాఠకుల ఇష్టము. మూల్యమును మాత్రము ఆయన శాస్త్రకృషి చెల్లించినది. మ్యూయాన్‌తో కూడి పుట్టు న్యూట్రినో వేరొక జాతిదా అన్నది త్వరణయంత్రముతో తేల్చవచ్చునని 1959లో వ్రాసినాడు. ద్యూబ్నాలోని యంత్రమునకు అంతటి శక్తి లేదు. 1962లో అమెరికాలో ఆ ప్రయోగము చేసినవారికి 1988లో నోబెల్ లభించినది.

అంతకు ముందే, 1957లో, న్యూట్రినో ప్రయాణించుచునే రూపము మార్చుకొని, మరల పూర్వరూపము దాల్చవచ్చునని ఊహించినాడు. అట్లు జరుగవలెనన్న దానికి ద్రవ్యరాశి ఉండితీరవలెను. అది శూన్యమని నాటివారి విశ్వాసము. త్వరణయంత్రపు న్యూట్రినోలలో ఈ మార్పును కొలుచుటకు వందల కిలోమీటర్ల దూరము కావలెను.

1978లోగాని ఆయన ఇటలీని మరల చూడలేదు. 1993 సెప్టెంబరు 24న ద్యూబ్నాలో మరణించినాడు. చితాభస్మములో సగము రోమునకు చేరినది.

1999 మొదలు 2004 వరకు జపానులో త్సుకుబా నుండి 250 కిలోమీటర్ల దూరములోని కమియోకాకు న్యూట్రినోలను పంపినారు. మార్పు లేనిచో 158 కనిపించవలసినచోట 112 మాత్రమే కనిపించినవి. తగ్గినవి ఏమైనవి? దానికి సమాధానము ఇటలీలోనే దొరికినది. 2006 నుండి 2012 వరకు జెనీవాలోని సెర్న్ నుండి మ్యూయాన్ న్యూట్రినోలు 730 కిలోమీటర్లు భూగర్భమున సాగి గ్రాన్ సాసో పర్వతము క్రింది ప్రయోగశాలను చేరినవి. 2015 నాటికి వానిలో అయిదు టౌ న్యూట్రినోలుగా మారియుండుట అచట లెక్కతేలినది.