జోసెఫ్ ప్రీస్ట్‌లీ
జోసెఫ్ ప్రీస్ట్‌లీ (మార్చి 24, 1733 - ఫిబ్రవరి 6, 1804) ఇంగ్లాండుకు చెందిన రసాయన శాస్త్రవేత్త, క్రైస్తవ మతబోధకుడు. 1767లో లీడ్స్ నగరానికి వచ్చి ఒక బీరు తయారీశాల పక్కన నివసించాడు. పులుస్తున్న తొట్టెలపై నిలిచే వాయువు మండే పుల్లలను ఆర్పివేయడం గమనించాడు. ఆ వాయువులో (నేటి కార్బన్ డయాక్సైడ్) రెండు పాత్రల నడుమ నీటిని అటూ ఇటూ పోయగా, నీరు కొద్దిపాటి పులుపుతో బుడగలెత్తింది. సుద్ద, గంధకామ్లాలతో ఇదే నీటిని తయారుచేసే పద్ధతిని 1772లో ప్రచురించాడు. అది స్కర్వీ వ్యాధిని నయం చేయగలదని ఆశించాడు గాని, ఆ ఆశ ఫలించలేదు. వ్యాపారలాభం జేకబ్ ష్వెప్‌కు దక్కింది. నేడు ఇళ్ళలో కాచిన బీరును కెగ్గులో చల్లబరచి, ఒత్తిడితో ఎక్కించేది కూడా ఈ వాయువునే.

ఫ్రెంచి విప్లవాన్ని సమర్థించినందుకు 1791లో బర్మింగ్‌హామ్‌లో అల్లరిమూకలు ఆయన ఇంటిని, ప్రయోగశాలను నాశనం చేశాయి. 1794లో అమెరికాకు వలసవెళ్ళి, పెన్సిల్వేనియాలోని నార్తంబర్లాండ్‌లో మరణించాడు.