ఆలివర్ హెవిసైడ్: గణన భారాన్ని తగ్గించిన మేధావి

విద్యుదయస్కాంత శాస్త్రాన్ని ఇంజనీర్లకు సులభసాధ్యం చేసిన మేధావి ఆలివర్ హెవిసైడ్. ఆయన 1850 మే 18న లండన్‌లో ఒక పేద కుటుంబంలో జన్మించాడు. బాల్యంలో సోకిన వ్యాధి వలన వినికిడి మందగించింది. 16వ ఏటనే బడి చదువు ముగిసింది. కొంతకాలం తంతి ఉద్యోగం చేసి, 1874లో దానిని విడిచి, ఇంటనే ఉండి మాక్స్‌వెల్ గ్రంథాన్ని స్వయంకృషితో అభ్యసించాడు.

మాక్స్‌వెల్ 1865లో ప్రకటించిన సిద్ధాంతంలో 20 సమీకరణాలు ఉండేవి. హెవిసైడ్ వాటి సారాన్ని నాలుగింటిలో ఇమిడ్చాడు. తీగలో సంకేతం సాగే తీరును వోల్టేజి, కరెంటు అనే రెండు రాశులతోనే గణించే మార్గం చూపాడు. అందువల్లనే నేడు సర్క్యూట్ బోర్డును కంప్యూటరుపై పరీక్షించేటప్పుడు ప్రతి రాగి గీత చుట్టూ ఉన్న క్షేత్రాన్నంతటినీ గణించనక్కరలేదు. తిన్నని గీతలకు ఆయన సమీకరణాలు చాలు. మలుపులు, రంధ్రాల వద్దనే పూర్తి గణన చేస్తే ఎంతో కాలం ఆదా అవుతుంది.

తీగలో ప్రేరకత్వం పెంచితే టెలిఫోనులో మాట స్పష్టమవుతుందని, సరిగా వినపడని ఆయనే 1887లో తెలిపాడు. బ్రిటిష్ తపాలా శాఖ అధికారులు దానిని పెడచెవిన పెట్టారు. తరువాత అమెరికాలో అది రుజువైంది. ధనం మాత్రం ఇతరులకు దక్కింది. 1891లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించినా పేదరికం వీడలేదు. 1925 ఫిబ్రవరి 3న ఆయన కన్నుమూశాడు.

కళాశాల మెట్లెక్కని ఆ మనిషి సమీకరణాలనే నేడు కళాశాలలలో మనం అభ్యసిస్తున్నాము.