పెదత్త చేతివంటకు ఇరవయ్యేళ్లు

వంటపుస్తకానికి సన్మానం చేసే ఆచారం మనకు లేదు. కవిగారికి శాలువా కప్పుతాం. సన్నాయి మేళం వాళ్లకి తాంబూలంలో నోటు పెట్టి ఇస్తాం. ఆదిభట్ల నారాయణదాసుగారు తిరిగిన ఊరు కాబట్టి విజయనగరంలో హరిదాసుకైతే పదడుగులు ఎదురెళ్లి మరీ దండ వేస్తారు. పప్పులో ఉప్పెంతో చెప్పిన మనిషికి మాత్రం భోజనం బాగుందమ్మా అని ఒక్క మాట పారేసి, చెయ్యి కడుక్కుని వెళ్లిపోతాం.

ఆ బాకీలో కొంతైనా తీర్చుకోవడానికి ఈ ఏడు మంచి సందర్భం దొరికింది. 'కుకింగ్ ఎట్ హోమ్ విత్ పెదత్త' అనే పుస్తకం 2006 గోర్మాండ్ ప్రపంచ వంటపుస్తకాల పోటీలో శాకాహార విభాగంలో మొదటి బహుమతి గెలుచుకుంది. ఇప్పటికి ఇరవయ్యేళ్లు. 1995లో ఎడ్వార్డ్ క్వాంట్రో అనే ఫ్రెంచి దొర మొదలుపెట్టిన పోటీ అది. పచ్చళ్లూ పొడులూ పులుసులూ నిండిన తెలుగింటి పుస్తకం దానికి వెళ్లి గెలుచుకు రావడం చిన్న సంగతేమీ కాదు. రాష్ట్రంలో ఎక్కడా బాజాలు మోగినట్టు గుర్తులేదు. అందుకే ఆలస్యంగానైనా ఈ నాలుగు అక్షింతలు.

పెదత్త అసలు పేరు సుభద్రా కృష్ణారావు పరిగి. మాజీ రాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరిగారి పెద్దమ్మాయి. గిరిగారి తల్లి పేరూ సుభద్రమ్మే. ఆయన 1894లో బరంపురంలో పుట్టారు. అప్పట్లో బరంపురమూ మన శ్రీకాకుళమూ ఒకే గంజాం జిల్లా. 1936లో ఒడిశా వేరుపడ్డాకే మధ్యలో గీత పడింది. గీత అవతలా ఇవతలా పొయ్యి మీద ఉడికేది మాత్రం అంత తొందరగా మారలేదు. 1952లో మొదటి లోక్‌సభకి గిరిగారు పాతపట్నం నుంచే గెలిచి, కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు. తర్వాతి ఎన్నికల్లో పార్వతీపురంలో ఓడిపోయి, ఆ గొడవని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లారు. గెలిపించిందీ మనమే, ఓడించిందీ మనమే. వాళ్లింటి వంట గురించి మాట్లాడే హక్కు మనకి రెండు వైపుల నుంచీ ఉందన్నమాట.

పుస్తకం రాసింది మాత్రం పెదత్త కాదు. జిజ్ఞాస గిరి, ప్రతిభా జైన్ అనే ఇద్దరు చెన్నై స్నేహితురాళ్లు. ఎనభై దాటిన పెద్దావిడ దగ్గర చేరి, ఆవిడ చేతిలో ఉన్నదాన్ని కాగితం మీదకి దించారు. నేను అభినందించేది ముఖ్యంగా ఈ పద్ధతిని. తెలిసినావిడ ఒక్కతే కూర్చుని రాసి ఉంటే 'తగినంత' అనే మాట పేజీకి పదిసార్లు పడేది. తెలియనివాళ్లు పక్కన నిలబడి, తగినంత అంటే ఎంత అని అడిగారు కాబట్టి అది పుస్తకమైంది. బొమ్మలు చక్కగా ఉన్నాయి, అచ్చు బాగుంది, అవన్నీ ఆ తర్వాతి మాట.

ఈ మధ్య పట్నాల్లో వంటపుస్తకాల క్లబ్బులు అంటున్నారు. పద్ధతి చిన్నదే. ఒక పుస్తకం అనుకుంటారు, పేజీలు పంచుకుంటారు, ఎవరిళ్లలో వాళ్లు వండి ఒకరింటికి పట్టుకొచ్చి కలిసి తింటారు. తిన్నాక పుస్తకాన్నీ వండినవాళ్లనీ కలిపి ఉతికి ఆరేస్తారు. ఇదేదో కొత్త సరదా అంటున్నారు గానీ, కార్తీకంలో ఉసిరి చెట్టు కింద మనం చేసేదేమిటి? ఒకరింటి పులిహోర, ఒకరింటి గుమ్మడికాయ పులుసు, ఇంకొకరింటి గారెలు. పెళ్లికి అరిసెలు వండాలంటే పాకం చూడ్డానికొకర్తి, పిండి కలపడానికొకర్తి, నూనెలోంచి తీసి వత్తడానికొకర్తి. జట్టు మనకెప్పుడూ ఉంది. లేనిదల్లా మధ్యలో తెరిచి పెట్టుకునే పుస్తకం.

ఆ లోటు మొదట తీర్చినవారిలో మాలతీ చందూర్‌గారిని తలుచుకోకపోతే తప్పు. ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాలపాటు 'ప్రమదావనం' నడిపిన ఆవిడ రాసిన 'వంటలు-పిండివంటలు' ముద్రణ మీద ముద్రణ పడింది. కాపురానికి వెళ్లే పిల్ల పెట్టెలో పట్టుచీరల మడతల్లోకి చేరింది. కొత్త ఊళ్లో, అడగడానికి అమ్మ లేని వంటింట్లో ఆ పుస్తకం పిల్లకి ధైర్యం. అది ఒక్కర్తీ చదువుకునే పుస్తకం. పెదత్త పుస్తకాన్ని నలుగురిలో పెట్టుకుని చదివితేనే రుచి. ఏ కూర దగ్గరైనా 'మా ఇంట్లో ఇలా కాదు' అనేవాళ్లు ఒకరు పక్కన ఉండాలి.

మా శ్రీకాకుళం వీధిలో అలా కలిసి వండుకునే ఆడవాళ్లం ఉన్నాం. పేరూ బోర్డూ లేవు, చందా లేదు. రిటైరైన పంతులమ్మ ఒకరు, బ్యాంకులో పనిచేసే ఆవిడ ఒకరు, కడప నుంచి ఈ ఊరికి కోడలుగా వచ్చిన పిల్ల, అందరికీ పెద్దదిక్కుగా ఒక పిన్ని. పెదత్త పేరు చెప్పుకుని మేం మొదలుపెట్టింది మా పనసపొట్టు కూరతోనే. సంతలో పొట్టు కొట్టే మనిషి అరచేతులకి నూనె రాసుకుని, లేత కాయని అడ్డంగా కోసి, బరువైన కత్తితో టకటకా కొడుతుంటే పొట్టు రవ్వలా రాలుతుంది. దాన్ని పసుపూ ఉప్పూ వేసి ఉడికించి, వార్చి, పిండి, పోపులో వేసి, చింతపండు పులుసు పోసి మగ్గించడం వరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆవ దగ్గర.

కడప పిల్ల ఆవాలు పోపులో చిటపటమనడమే చూసింది గానీ, పచ్చిగా నూరి కూరలో కలపడం ఎరగదు. "ఎంత వేయాల పిన్నమ్మా?" అని అడిగింది.

"ఎంతేటమ్మా, కూరని బట్టి" అని పిన్ని గుప్పెట్లోకి ఆవాలు తీసింది. అవి మిక్సీలో పడేలోపు ఆ పిల్ల చెయ్యి అడ్డుపెట్టి, తను తెచ్చుకున్న చిన్న కాటాలో పోయించుకుంది.

"నానేటి బంగారం అమ్ముతున్నానేటే గుంటా, కాటాలో యేస్తున్నావు?"

12 గ్రాములు వచ్చింది. ఆవాలు డబ్బాలో పోసేసి మళ్లీ తియ్యమంది. పిన్ని విసుక్కుంటూనే తీసింది. మళ్లీ 12. అప్పటిదాకా నవ్వుతున్న పంతులమ్మ నవ్వు ఆపేసి, నోటుబుక్కులో ఆ అంకె రాసుకుని కింద గీత గీసింది. అరకిలో పొట్టుకి ఆ లెక్క. చూసి వేసుకోవాలి అని పెద్దవాళ్లు అనేది తప్పించుకోడానికి కాదు. వాళ్ల గిద్దా సోలా తవ్వా అన్నీ అరచేతిలోనే ఉన్నాయి, మనం కాటా పట్టుకెళ్లి అడగలేదంతే.

ఇంకో మాటా ఆ రోజే నోటుబుక్కుకెక్కింది. పొయ్యి మీద ఉండగా ఆవముద్ద కలపబోయిన కడప పిల్ల చెయ్యి పట్టుకుని పిన్ని "ముందు పొయ్యి ఆర్పేయే" అని కసిరింది. ఎందుకని అడిగితే చేదెక్కుతుంది అంది, అంతే. అసలు సంగతి ఏమిటంటే, ఆవ ఘాటు గింజలో సిద్ధంగా ఉండదు. గింజ నలిగి, తడి తగిలినప్పుడే పుడుతుంది. వేడి తగిలితే అది పుట్టడం ఆగిపోతుంది, పుట్టిన కాస్తా ఆవిరితో లేచిపోతుంది, నాలిక్కి చేదు మిగులుతుంది. స్టవ్ కట్టేసి, కూర కాస్త ఆరాక, ముద్ద వేసి పైన ఒక చెంచా పచ్చినూనె పోసి కలిపితే అరగంటకి ముక్కు అదురుతుంది. మర్నాటికి ఇంకా బాగుంటుంది, మిగిలితే.

పండగ మాటల మధ్యలో ఒక పుల్లటి మాట అనక తప్పదు. పెదత్తది పంతులుగారింటి వంటిల్లు. పుస్తకం ఆ సంగతి దాచలేదు. శాకాహారమనీ, సంప్రదాయ ఆంధ్ర వంటిల్లనీ అట్ట మీదే చెప్పుకుంది. కానీ బరంపురం నుంచి భోగాపురం దాకా ఉన్న ఈ తీరానికి ఒక్క వంటిల్లే లేదు. ఎండునెత్తళ్లు వేసిన వంకాయ కూర ఎవరు రాశారు? పొద్దున్నే పొలానికి తీసుకెళ్లే చోడి అంబలికి పిండి ఎంత, నీళ్లెన్ని, ఎన్ని గంటలు పులవాలి? బాలింతకి పెట్టే తెలగపిండి-మునగాకు కూర? గుడ్డ కట్టిన గిన్నె మీద ఉడికే ఆవిరి కుడుము? మా జిల్లా ఉద్దానంలో జీడి కాపు మీదున్న రోజుల్లో తొక్కలోని జిల్లు చేతికి తగలకుండా పచ్చిపిక్క తీసే ఒడుపు, ఆ పప్పుతో వండే కూర? 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు కొబ్బరీ జీడీ పనసా వేళ్లతో సహా లేచిపోయాయి. కూలిన చెట్లకి పరిహారం లెక్క కట్టారు. ఆ చెట్టు కాయతో వండే కూర ఏ లెక్కలోకీ రాదు. మళ్లీ మొక్క నాటి కాపుకి వచ్చేదాకా ఆ కూర వండే చేతులు గుర్తుపెట్టుకోవాలి, లేదా ఎవరైనా రాసిపెట్టాలి.

పెదత్త పుస్తకం ఇంగ్లీషులో ఉంది కాబట్టే ప్రపంచం కంటపడింది. మా పిన్నికి మాత్రం ఎవరో ఒకరు చదివి చెప్పాలి. చదువుతుంటే వింటూ "ఇది మాదే, ఇది మాది కాదు, ఇందులో బెల్లం మరిసిపోనారు" అని తీర్పులిస్తుంది. ఉత్తరాంధ్ర నాలుక కదా, పులుసులో బెల్లం లేకపోతే ఆవిడ లెక్కలో అది పులుసే కాదు. ఆ తీర్పులు కూడా పంతులమ్మ మార్జిన్లలో పెన్సిలుతో ఎక్కిస్తోంది. అచ్చు పుస్తకానికి ఇంతకన్నా మర్యాద ఇంకేం చెయ్యగలం?

జిజ్ఞాసగారికీ ప్రతిభగారికీ శ్రీకాకుళం నుంచి ఇరవయ్యో ఏటి శుభాకాంక్షలు. మీరు ఒక పెద్దావిడ దగ్గర కూర్చుని చూపించిన పని వీధి వీధిలోనూ జరగవలసింది. మా వీధి వంతు మేం మొదలుపెట్టాం. వచ్చే ఆదివారం కళింగపట్నం నుంచి తట్టలో చేపలు తెచ్చే అప్ప మా డాబా మీద నెత్తళ్లూ మామిడికాయా పులుసు వండుతుంది. కాటా కడప పిల్లది. పిన్ని చేప ముట్టదు, ఆ పూట రానంటుందేమో అనుకున్నాం. నోటుబుక్కు తనకే ఇమ్మంది. "మెట్ల మీద కూకుంటాను. అది సెప్పినట్టు రాత్తాను. ఉప్పు దగ్గర మాత్రం దాన్ని రెండుసార్లు అడగండి, సేపలోళ్లు ఉప్పు తక్కువ సెప్తారు" అంది.