మహాకవి నిరాలా: మహమ్మారి మిగిల్చిన మనిషి

కష్టం వచ్చిన మర్నాడే కవి కలం పడతాడని లోకంలో ఒక నమ్మకం. 2020లో కళాశాలలు మూతపడినప్పుడు, 2021లో ఆక్సిజన్ కోసం ఊళ్ళన్నీ పరుగులు పెట్టినప్పుడు మన విద్యార్థుల్లో కొందరు కవితలు రాశారు, బొమ్మలు వేశారు, పాటలు కట్టారు. మనసు మొద్దుబారి ఏమీ రాయలేక ఊరుకున్నవాళ్ళూ ఉన్నారు. వీళ్ళకీ వాళ్ళకీ కూడా తెలియవలసిన జీవితం హిందీ మహాకవి సూర్యకాంత్ త్రిపాఠీ నిరాలాది.

నిరాలా తండ్రిది ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా, గఢాకోలా గ్రామం. పొట్ట చేత పట్టుకుని బెంగాలు వెళ్ళి, మేదినీపూర్ జిల్లా మహిషాదల్ సంస్థానంలో కొలువు చేశాడు. నిరాలా పుట్టింది అక్కడే. పసితనంలోనే తల్లి పోయింది. పెరిగింది బెంగాలీ వాతావరణంలో. కాబట్టి తర్వాత ఏ హిందీకి ఆయన కొత్త ఊపిరి పోశాడో, ఆ హిందీ ఆయనకి మొదట్లో సరిగా రాదు! చిన్న వయసులోనే పెళ్ళయింది. భార్య మనోహరాదేవిది రాయ్‌బరేలీ జిల్లాలో గంగ ఒడ్డున ఉన్న డల్మౌ. ఆమె చక్కగా పాడేది, హిందీ బాగా తెలిసినది. భార్య ముందు తనకు హిందీ రాదన్న చిన్నతనం ఆయన్ని పొడిచింది. 'సరస్వతి' పత్రిక ముందు పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పట్టుదలగా ఆ భాష నేర్చుకున్నాడు. ఒక మహాకవికి అక్షరాభ్యాసం చేయించింది ఆ ఇల్లాలేనంటే తప్పులేదు.

1918 వచ్చింది. ఆ జూన్‌లో బొంబాయి రేవులో అడుగుపెట్టిన ఇన్‌ఫ్లుయెంజా, సెప్టెంబరు, అక్టోబరు నాటికి దేశమంతా పాకింది. ఆ ఏడు వానలు కూడా ముఖం చాటేశాయి. తిండి లేని ఒంటికి జబ్బు తోడైంది. మన దేశంలో పోయినవాళ్ళు ఒక కోటీ ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల దాకా ఉంటారని అంచనాలు. 1911, 1921 జనాభా లెక్కల నడుమ దేశ జనాభా పెరగకపోగా తగ్గిందంటే ఆ విపత్తు ఎంతటిదో ఊహించుకోవచ్చు.

భార్యకు జబ్బుగా ఉందని మహిషాదల్‌కు తంతి వచ్చింది. అప్పటికే తండ్రి లేడు. ఉద్యోగం మొన్నమొన్ననే దొరికింది. పరుగున డల్మౌ చేరేసరికి అంతా అయిపోయింది. గంగ నిండా శవాలు తేలుతున్నాయి. దహనానికి కట్టెలు కరువయ్యాయి. అక్కడినుంచి సొంత ఊరు వెళితే వరసకు అన్న అయినవాడు పోయాడు, తర్వాత వదిన, ఆమె చంటిబిడ్డ, ఆపైన పినతండ్రి. ఆ యువకుడి చేతిలో మిగిలింది పిల్లలు: అన్న పిల్లలు నలుగురు, తన కొడుకు, ఏడాది వయసున్న కూతురు సరోజ. డల్మౌలో గంగ ఒడ్డున ఎత్తైన దిబ్బ ఒకటుంది. దాని మీద కూర్చుని ఏటి వంక చూస్తూ ఉండిపోయేవాడు.

ఏం చేస్తాడు మరి? సంసారం ఈదాలి. సంస్థానం కొలువుకు వెళ్ళాడు, కొన్నాళ్ళకు మానేశాడు. 1922లో కలకత్తాలో రామకృష్ణ మిషన్ వారి 'సమన్వయ' పత్రికలో చేరాడు. 1923లో 'మత్‌వాలా' పత్రిక మొదలయ్యాక, ఆ పేరుకు ప్రాస కుదిరేలా 'నిరాలా' అని పేరు పెట్టుకున్నాడు. మన తెలుగునాట భావకవిత్వం వెల్లివిరుస్తున్న రోజుల్లోనే హిందీలో ఛాయావాదం వికసించింది. దాని ప్రధాన కవుల్లో ఈయన ఒకడు. ఛందస్సు సంకెళ్ళు తెంచి ముక్తఛందం రాశాడని పండితులు మండిపడ్డారు. ఆయన చెక్కుచెదరలేదు.

మళ్ళీ పెళ్ళి చేసుకోమని అత్తగారు పోరింది. జాతకంలో రెండు పెళ్ళిళ్ళు రాసి ఉన్నాయట! నిరాలా ఆ జాతకం కాగితాన్ని ఆడుకోమని సరోజ చేతికిచ్చాడు. పిల్ల దాన్ని ముక్కలు చేసింది. అక్కడితో ఆ మాట ముగిసింది. తరవాత ఆ సరోజ పెళ్ళికి కట్నం ఇవ్వలేదు, ఆర్భాటం చెయ్యలేదు, మంత్రాలు తానే చదివాడు. 1935లో, పంతొమ్మిదో ఏట అడుగుపెట్టిన సరోజ కూడా పోయింది. కూతురికి ఏమీ చేయలేకపోయిన తండ్రి వేదనే 'సరోజ్ స్మృతి' కావ్యం.

మరి 1918 సంగతి? దాన్ని సూటిగా రాసింది 1939లో అచ్చయిన 'కుల్లీ భాట్'లో. ఇరవై ఏళ్ళు దాటాక! అదైనా కొద్ది పేజీలే. ఆ పుస్తకం తన దుఃఖం గురించినది కాదు. డల్మౌలో నలుగురూ వెలివేసినట్టు చూసిన కుల్లీ అనే మిత్రుడి కథ. కుల్లీ అంటరానివారని దూరం పెట్టిన పిల్లలకు బడి నడిపాడు. అతను పోతే పురోహితులు రాకపోగా కర్మ నిరాలాయే జరిపించాడు. నవ్విస్తూ నడిచే ఆ కథ మధ్యలో గంగ ఒడ్డు శవాలు కనపడతాయి.

ఈ ఇరవై ఏళ్ళూ ఆయన ఊరుకున్నాడా? లేదు. బిచ్చగాడి మీద రాశాడు, వితంతువు మీద రాశాడు. అలహాబాదు రోడ్డున మండుటెండలో రాళ్ళు కొట్టే ఆడమనిషి మీద రాశాడు. తన ఇల్లు కాలినవాడు ఎదుటివాడి ఇంటి వంక చూడటం నేర్చుకున్నాడు. చివరి ఏళ్ళలో మనసు చెదిరింది. ఉన్నదంతా పంచిపెట్టి, 1961 అక్టోబరు 15న అలహాబాదు దారాగంజ్‌లో కన్నుమూశాడు.

2021 మే నెలలో బీహార్, ఉత్తరప్రదేశ్‌లలో గంగలో మళ్ళీ శవాలు తేలాయి. నిరాలా సొంత జిల్లా ఉన్నావ్‌లోనే ఇసుకలో శవాలు పూడ్చారు. అప్పుడు హిందీ పాఠకులు వెతుక్కున్నది ఆ పాత పుస్తకంలోని కొద్ది పేజీలనే. అధికారుల లెక్కల్లో ఎక్కని చావులు ఒక కవి జ్ఞాపకంలో పదిలంగా ఉన్నాయి.

విద్యార్థి మిత్రులారా! చూసింది రాసినవాళ్ళు ఆ కాగితాలు పారేయకండి. రాయలేనివాళ్ళు సిగ్గుపడకండి. ఇరవై ఏళ్ళు పట్టినా ఫరవాలేదు. చూసినదాన్ని మరిచిపోకుండా, పక్కవాడి కష్టం మీద చూపు తిప్పకుండా ఉంటే చాలు. మాట తన వేళకు తానే వస్తుంది.